రెండు ఏరియేటర్లకు వంతులు: టైమర్ కొట్టినప్పుడల్లా విలువ మార్చడం ఎలా

రొయ్యల చెరువులో రెండు ప్యాడిల్ వీల్ ఏరియేటర్లు, అంటే నీటిని చిలికి గాలి కలిపే చక్రాల యంత్రాలు, ఉన్నాయనుకుందాం. రాత్రిపూట రెండూ తిరగాల్సిందే, అందులో బేరాల్లేవు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ పొదుపు చేద్దామని ఒకటి ఆపితే పొద్దున్నే రొయ్యలు పైకి తేలడం చూడాల్సి వస్తుంది. పగలు బాగా ఎండ కాస్తే నీటిలోని నాచే ఆక్సిజన్ తయారుచేస్తుంది కాబట్టి, పల్చగా పిల్ల వేసిన చెరువుకు ఒకటి తిరిగినా సరిపోతుంది. ఆ ఒకటీ ఎప్పుడూ అదే కాకుండా గంటకోసారి వంతు మారాలి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఈ పని ఇప్పటికీ చాలాచోట్ల కాపలా మనిషే చేస్తాడు. దాన్ని ఆర్డుయినో లాంటి ఒక చిన్న బోర్డుకు, అంటే కోడ్ రాసి నడిపే బుల్లి కంప్యూటర్‌కు, అప్పజెప్పడం ఎలాగో చూద్దాం.

కోడ్‌ని ఇక్కడ తెలుగులోనే రాసి చూపిస్తాను. ఆర్డుయినోలో రాసుకుంటారో, పైథాన్‌లోనో, జావాస్క్రిప్ట్‌లోనో మీ ఇష్టం. తర్కం ఒకటే. ముందు మోటార్ల జోలికి పోకుండా టేబుల్ మీద రెండు ఎల్‌ఈడీలు పెట్టుకుని మొదలుపెట్టండి.

1. విలువను తిప్పడం

ఎవరి వంతో దాచుకునే వేరియబుల్ (విలువను ఉంచుకునే పేరు) 'వంతు' అనుకుందాం: 0 అంటే మొదటిది, 1 అంటే రెండోది. ఈ రెండు విలువల మధ్య అటూ ఇటూ మార్చడానికి చాలామంది మొదట రాసేది ఇది:

వంతు 0 అయితే: వంతు = 1
లేకపోతే: వంతు = 0

తప్పేం లేదు, నడుస్తుంది. కాకపోతే ఒక్క లైన్లో అయ్యే పని:

వంతు = 1 - వంతు

0 ఉంటే 1 అవుతుంది, 1 ఉంటే 0 అవుతుంది. అవును-కాదు రకం వేరియబుల్, అంటే బూలియన్ అయితే, వంతు = !వంతు అని రాస్తే చాలు. ఏరియేటర్లకు 1, 2 అని నెంబర్లు పెట్టుకుంటే వంతు = 3 - వంతు. ఆటలో బొమ్మ కాసేపు కుడికి, కాసేపు ఎడమకు నడవాలంటే దిశ = -దిశ. దీనికి మొదటి విలువ +1 గానో -1 గానో ఉండాలి. 0 తో మొదలుపెడితే బొమ్మ ఉన్నచోటే ఉండిపోతుంది. ఎక్స్ఓఆర్ (రెండు బిట్లు వేరైతేనే 1 ఇచ్చే లెక్క) వాడి వంతు = వంతు ^ 1 అని రాసేవాళ్ళూ ఉన్నారు. చదివేవాడికి అర్థమయ్యేదాన్నే వాడండి, వేగంలో తేడా మీ బోర్డుకు తెలియను కూడా తెలియదు.

ఇక్కడ అందరికీ తగిలే దెబ్బ ఒకటుంది. టైమర్ పిలిచే ఫంక్షన్ లోపలే వంతు = 0 అని మొదలుపెట్టేస్తారు. టైమర్ కొట్టిన ప్రతిసారీ ఆ లైన్ మళ్ళీ నడుస్తుంది, 0 వచ్చి 1 అవుతుంది. తర్వాతిసారి మళ్ళీ 0, మళ్ళీ 1. ఎల్‌ఈడీ ఒకసారి మారి అక్కడే ఆగిపోయింది అంటే ముందు చూడాల్సింది ఇదే. వేరియబుల్‌ని ఫంక్షన్ బయట పెట్టండి, లేదా సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో స్టాటిక్ అని చెప్పండి. పైథాన్‌లో బయట పెట్టినా సరిపోదు. ఫంక్షన్ లోపల ఆ పేరుకు విలువ ఇస్తున్నారు కాబట్టి పైథాన్ దాన్ని లోపలి వేరియబుల్ అనుకుని ఎర్రర్ ఇస్తుంది. ఫంక్షన్ మొదట్లో గ్లోబల్ వంతు అని రాయాలి.

ఇంకోటి: రెండు ఎల్‌ఈడీలకు రెండు వేరియబుల్స్ పెట్టి, రెంటినీ విడివిడిగా తిప్పకండి. ఎప్పుడో ఒకసారి ఒకటి మాత్రమే తిరిగి రెండోది తిరగకపోతే, ఆ క్షణం నుంచి రెండూ కలిసి వెలుగుతాయి, కలిసి ఆరిపోతాయి. చెరువు దగ్గర రెండూ కలిసి ఆగిపోవడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒకటే విలువ ఉంచండి. మొదటిది తిరగాలా అంటే వంతు 0 అయితే తిరగాలి. రెండోది తిరగాలా అంటే వంతు 1 అయితే తిరగాలి. అప్పుడు ఈ రెంటికీ పొంతన తప్పే అవకాశమే ఉండదు.

2. టైమర్

ఆర్డుయినోలో డిలే పెట్టి గంటసేపు ఆగమంటే ఆగుతుంది. ఆ గంటసేపూ బటన్ నొక్కినా పట్టించుకోదు, ఇంకే పనీ చేయదు. కాబట్టి డిలేని వదిలేసి, మిల్లిస్ ఫంక్షన్‌తో బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో అడుగుతూ ఉండాలి. కింద గతం అంటే కిందటిసారి వంతు మారిన టైమ్, విరామం అంటే ఎంతసేపటికోసారి మారాలన్నది:

ఇప్పుడు = మిల్లిస్()
(ఇప్పుడు - గతం) >= విరామం అయితే:
  గతం = గతం + విరామం
  వంతు = 1 - వంతు

రెండో లైన్లో ఆ తీసివేతను అలాగే ఉంచండి. ఇప్పుడు >= గతం + విరామం అని కూడికతో రాసినా మొదట్లో బాగానే నడుస్తుంది. కానీ మిల్లిస్ ఇచ్చేది 32 బిట్ల అంకె, దాదాపు 49.7 రోజులకు నిండిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. కూడికతో రాసిన కోడ్ ఆ దగ్గర తికమక పడుతుంది. తీసివేతతో రాసినదానికి ఏమీ కాదు: గతం 4294967290 దగ్గర ఉండి, ఇప్పుడు తిరిగి 5 కి వచ్చిందనుకోండి, మైనస్ గుర్తు ఉండని (అన్‌సైన్డ్) 32 బిట్ల లెక్కలో 5 లోంచి దాన్ని తీసేస్తే 11 వస్తుంది. నిజంగా గడిచింది కూడా 11 మిల్లీసెకన్లే. అందుకే గతం, ఇప్పుడు, విరామం మూడూ అన్‌సైన్డ్ లాంగ్ రకానివే కావాలి.

గతం = ఇప్పుడు అని కాకుండా గతం = గతం + విరామం అని రాసింది కావాలనే. లూప్, అంటే బోర్డు మళ్ళీ మళ్ళీ నడిపే కోడ్, ఒక్కోసారి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. గతం = ఇప్పుడు అంటే ఆ ఆలస్యాలన్నీ పోగవుతూ పోతాయి.

గంట విరామాన్ని ఎలా రాస్తారన్నది కూడా చూసుకోవాలి. ఆర్డుయినో ఊనో బోర్డులో మామూలు ఇంట్ (పూర్ణాంకం) 16 బిట్లే, 32767 దాటదు. 60 * 60 * 1000 అని రాస్తే బోర్డు దాన్ని ఇంట్ లెక్కగానే గుణిస్తుంది. 36,00,000 అందులో పట్టదు, పొంగిపోయి చివరికి -4480 మిగులుతుంది. దాన్ని అన్‌సైన్డ్ లాంగ్‌లో వేస్తే 4294962816 అవుతుంది. అంటే గంటకోసారి మారాల్సిన వంతు 49 రోజులు దాటాక గానీ మారదు! పరీక్షకు పది సెకన్లు పెట్టి చూసినప్పుడు అంతా బాగుండి, గంట పెట్టగానే కదలకపోతే కారణం ఇదే. 3600000 అని నేరుగా రాసి, చివర యూఎల్ (అన్‌సైన్డ్ లాంగ్ అని చెప్పే UL) తగిలించండి.

బ్రౌజర్లో జావాస్క్రిప్ట్‌తో చేస్తుంటే సెట్‌ఇంటర్వల్ ఉంది, పని తేలికే. కానీ స్టార్ట్ బటన్‌ని కంగారులో రెండుసార్లు నొక్కితే రెండు టైమర్లు మొదలవుతాయి. ఒకటి తిప్పిన దాన్ని రెండోది వెంటనే వెనక్కి తిప్పేస్తుంది. తెర మీద ఏమీ మారదు, ఎర్రర్ కూడా రాదు. మొదటి టైమర్ ఇచ్చిన నెంబర్ని దాచుకుని, కొత్తది పెట్టేముందు క్లియర్‌ఇంటర్వల్‌తో పాతదాన్ని ఆపేయండి. పక్కకు నెట్టేసిన ట్యాబ్‌లో టైమర్లు నెమ్మదిస్తాయని కూడా గుర్తుంచుకోండి. క్రోమ్‌లో దాగి ఉన్న ట్యాబ్‌కు ఐదు నిమిషాలు దాటితే నిమిషానికి ఒకసారే అవకాశం వచ్చే సందర్భాలున్నాయి. చెరువు మోటార్లను బ్రౌజర్ ట్యాబ్‌తో నడపాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే వదిలేయండి.

హార్డ్‌వేర్ టైమర్ ఇంటరప్ట్ (టైమర్ కొట్టగానే జరుగుతున్న పనిని ఆపి మన ఫంక్షన్‌ని నడిపేది) వాడతానంటారా, వాడొచ్చు. వేరియబుల్‌కు వోలటైల్ అని పెట్టండి, ఇంటరప్ట్ లోపల విలువ మార్చి బయటికి రండి. గంటకోసారి జరిగే పనికి అంత హంగామా అక్కర్లేదని నా అభిప్రాయం.

3. కరెంటు పోతే

ఇంతవరకూ చేసింది టేబుల్ మీద బ్రహ్మాండంగా నడుస్తుంది. గట్టు మీద షెడ్డులో పెట్టి కొన్నాళ్ళు వదిలేస్తే కాపలా మనిషి ఇలా అడుగుతాడు: "ఆ రెండోది ఎక్కువసేపు పడుకునే ఉంటదేంటండీ?"

వంతు = 1 - వంతు అనే లైన్‌కి, ఇంతకుముందు ఏముందో తెలియాలి. కరెంటు పోగానే ఆ జ్ఞాపకం పోతుంది. వచ్చాక బోర్డు మళ్ళీ 0 తో మొదలవుతుంది, మొదటి ఏరియేటర్ వంతే మళ్ళీ మొదలవుతుంది. అరగంటకోసారి కరెంటు పోయి వచ్చే రోజున రెండోదాని వంతు అసలు రాదు. ఎవరూ వెంటనే గమనించరు, ఏరియేటర్ తిరుగుతూనే కనిపిస్తుంది కదా. మొదటిదాని గేర్‌బాక్స్ ముందే అరిగిపోయినప్పుడు బయటపడుతుంది.

దీనికి మందు రెండు రకాలు.

మొదటిది, వంతు మారినప్పుడల్లా ఆ విలువను ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, రాసిపెట్టడం, బోర్డు మొదలవగానే చదువుకోవడం. ఊనోలో ఉన్న ఈఈప్రామ్‌లో ఒక్కో గడి సుమారు లక్షసార్లు రాతను తట్టుకుంటుంది. గంటకోసారి రాస్తే రోజుకు 24, అంటే పదకొండేళ్ళ పైమాటే. అదే లూప్‌లో సెకనుకోసారి రాసేశారా, 28 గంటల లోపే ఆ లక్షా అయిపోతుంది. మారినప్పుడు మాత్రమే రాయండి. ఇది సగం మందే. ఏది తిరగాలో గుర్తుంటుంది గానీ, అది అప్పటికి ఎన్ని నిమిషాలు తిరిగిందో గుర్తుండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ గంట కొత్తగా మొదలవుతుంది.

రెండోది నాకు నచ్చేది: విలువను తిప్పడం మానేసి, గడియారాన్ని అడిగి లెక్కగట్టడం. దాళ్వాలో (రెండో పంటకు) నీటి ఎద్దడి వచ్చి కాలవలకు వంతులవారీగా నీళ్ళు వదిలేటప్పుడు, మొన్న ఎవరికిచ్చామని గుర్తు తెచ్చుకుంటూ కూర్చోరు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ కాలవకో ముందే రాసిపెడతారు, ఆ కాగితం చూస్తే చాలు. మన కోడ్ కూడా అంతే:

వంతు = గంట % 2

ఆ గుర్తు భాగహారంలో శేషాన్ని ఇస్తుంది. సరి గంటలో 0, బేసి గంటలో 1. కరెంటు పదిసార్లు పోయినా, బోర్డునే మార్చేసినా, పదింటికి ఎవరి వంతో వాళ్ళదే. టైమర్ ఒకటి రెండుసార్లు కొట్టకపోయినా నష్టం లేదు, తర్వాత కొట్టినప్పుడు సరైన జవాబే వస్తుంది.

దీనికి కరెంటు లేకపోయినా నడిచే గడియారం కావాలి. డీఎస్3231 అనే ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్, అంటే గడియారం చిప్) మాడ్యూల్ తీసుకోండి, బిళ్ళ బ్యాటరీతో నడుస్తుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య దాని తేడా పది లక్షలకు 2 పాళ్ళు, ఏడాది మొత్తానికి నిమిషం చిల్లర. ఊనో సొంత లెక్క అంత నిక్కచ్చి కాదు, రోజుకే కొన్ని నిమిషాలు తప్పొచ్చు. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు వాడి ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకోవచ్చు గానీ, చెరువుల మధ్య సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే. ఆర్‌టీసీ పక్కన ఉండనివ్వండి.

ఇప్పుడు లెక్కలో ఉన్న చిన్న మెలిక. రాత్రి రెండూ తిరుగుతాయి కాబట్టి వంతులన్నీ పగటికే. పొద్దున 7 నుంచి సాయంత్రం 5 వరకు అంటే 10 గంటలు, చెరి ఐదు. కానీ 6 నుంచి 5 వరకు పెట్టుకుంటే 11 గంటలు. సరి గంటల వాడికి ఆరు, బేసి గంటల వాడికి ఐదు, ప్రతిరోజూ ఇదే వరస. 24 సరి సంఖ్య కాబట్టి రోజులు గడిచినా ఇది దానంతట అది సర్దుకోదు. రోజును కూడా కలపాలి:

వంతు = (రోజులు + గంట) % 2

రోజులు అన్నచోట నెలలో తేదీ వాడకండి. 31 తర్వాత 1 వస్తుంది, రెండూ బేసే, మార్పు ఆ ఒక్కరోజు ఆగుతుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను చాలా లైబ్రరీలు ఇస్తాయి. దాన్ని 86400 తో భాగిస్తే రోజుల సంఖ్య వస్తుంది. అర్ధరాత్రి రోజు మారేచోట ఒకే వంతు రెండు గంటలపాటు వస్తుంది గానీ, అప్పుడు రెండూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి మనకు పట్టదు.

ఇంటర్నెట్ టైమ్ వాడేవాళ్ళకు మరో సంగతి. ఆ సెకన్లు గ్రీనిచ్ లెక్కలో ఉంటాయి, మనం ఐదున్నర గంటలు ముందున్నాం. ఆ అరగంట వల్ల వంతు తొమ్మిదింటికి కాకుండా తొమ్మిదిన్నరకు మారుతుంది. భాగించేముందే 19800 కలపండి. ఆర్‌టీసీలో మన టైమే పెట్టి ఉంటే మళ్ళీ కలపకూడదు.

అలాగని తిప్పడం పనికిరాదని కాదు. మినుకుమనే ఎల్‌ఈడీకి, తెర మీద కర్సర్‌కి, ఆటలో బొమ్మకి వంతు = 1 - వంతు చాలు. ఎక్కడి నుంచి మొదలైనా అడిగేవాడు లేడు.

4. విలువ నుంచి మోటారు దాకా

ఏం తిరగాలో ఒకే ఫంక్షన్‌లో తేల్చండి:

గంట 7 కన్నా తక్కువ, లేదా 17 గానీ ఎక్కువ గానీ అయితే: రెండూ తిరగాలి
లేకపోతే వంతు 0 అయితే: మొదటిది తిరగాలి, రెండోది ఆగాలి
లేకపోతే: రెండోది తిరగాలి, మొదటిది ఆగాలి

దీన్ని సెకనుకోసారి పిలిచినా ఫరవాలేదు. కొత్త జవాబు పాత జవాబుతో సరిపోలకపోతేనే రిలేను, అంటే బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్‌ని, కదపండి. గడియారం నుంచి అర్థంలేని టైమ్ వస్తే, అంటే బ్యాటరీ అయిపోయి ఏ 2000 సంవత్సరమో చూపిస్తే, రెండూ తిరిగేలా రాయండి. కరెంటు కొంచెం ఎక్కువ కాలితే కాలింది.

బజార్లో దొరికే రిలే బోర్డులు చాలావరకు ఉల్టా: బోర్డు పిన్‌కు 'లో' (LOW) ఇస్తే రిలే ఆన్, 'హై' (HIGH) ఇస్తే ఆఫ్. సెటప్‌లో (బోర్డు మొదలవగానే ఒక్కసారి నడిచే భాగంలో) ముందు పిన్‌కు హై ఇచ్చి, తర్వాతే దాన్ని అవుట్‌పుట్‌గా మార్చండి. లేదంటే బోర్డు మొదలైన ప్రతిసారీ రిలేలు ఒక్క క్షణం టక్కుమంటాయి, స్టార్టర్లూ దానితో పాటే.

రిలే బోర్డుకు మోటారు తీగలు నేరుగా తగిలించొద్దు. దాని మీద 10 ఆంపియర్లని రాసి ఉన్నా సరే. రిలే కాంటాక్టర్ (మోటారు కరెంటును మోసే పెద్ద స్విచ్) కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటారును కాంటాక్టర్ నడపాలి, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఎప్పటిలాగే ఉండాలి. త్రీ ఫేజ్ పని చేతకాకపోతే ఇక్కడి నుంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. తడి గట్టు మీద ప్రయోగాలు వద్దు.

కరెంటు వచ్చిన వెంటనే రెండు మోటార్లనూ ఒకేసారి లాగించకండి. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు ఆ మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. చిన్న జనరేటర్ మీద ఉంటే రెండూ కలిసి దాన్ని ఆపేస్తాయి. బోర్డు మొదలయ్యాక కాసేపు ఆగి ఒకటి, మరో పది సెకన్లకు రెండోది వేయండి.

ఆటో, మాన్యువల్ స్విచ్ తప్పకుండా పెట్టండి. అల్పపీడనం పట్టి మూడు రోజులు ఎండ మొహం కనపడకపోతే పగలు కూడా రెండూ తిరగాలి. ఆ నిర్ణయం కాపలా మనిషి చేతిలో ఉండాలి, మీ కోడ్ చేతిలో కాదు. ఇంకా ఒకటి: కోడ్‌లో వంతు 1 ఉందంటే రెండో ఏరియేటర్‌ని తిరగమని చెప్పాం అని మాత్రమే. అది ఓవర్‌లోడ్‌లో ట్రిప్ అయి ఆగిపోయి ఉండొచ్చు. మోటారు తీగకు కరెంటు సెన్సర్ తగిలించి, తిరగమన్నది తిరగకపోతే ఇంకోదాన్ని వేసి, సైరన్ మోగించేలా రాసుకుంటే రాత్రిళ్ళు టెన్షన్ తగ్గుతుంది.

5. పరీక్ష

గంట బదులు పది సెకన్లు పెట్టి సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే రాతలు కంప్యూటర్‌లో కనిపించే చోట) టైమ్, వంతు, రెండు రిలేల స్థితి వరసగా పడేలా చేయండి. మధ్యలో ప్లగ్ పీకండి. వంతు మారే ముందు ఒకసారి, మారుతుండగా ఒకసారి, మారిన వెంటనే ఒకసారి. ఆర్‌టీసీని 16:59:50 కి పెట్టి రెండూ ఆన్ అవుతాయో లేదో చూడండి, తర్వాత 6:59:50 కి పెట్టి ఒకటి ఆగుతుందో లేదో చూడండి. ఆర్‌టీసీ తీగ పీకేసి చూడటం మర్చిపోవద్దు, అప్పుడు రెండూ తిరగాలి. ఇవన్నీ అయ్యాక అసలు గంట విరామంతో ఒక రాత్రి, ఒక పగలు నడపండి. పది సెకన్లకు నడిచింది గంటకూ నడుస్తుందన్న నమ్మకం లేదని 16 బిట్ల లెక్కలో చూశాం.

గట్టు మీద పెట్టేటప్పుడు డబ్బాకు తీగలు కింది నుంచి వెళ్ళేలా చూసి, కన్నాలు మూసేయండి. వాన కన్నా చీమలు, బల్లులు ఎక్కువ పాడుచేస్తాయి.

మూడో ఏరియేటర్ కొన్నారనుకోండి. 2 బదులు 3 పెట్టి వంతు = (రోజులు + గంట) % 3 అంటే 0, 1, 2 వస్తాయి. ఇప్పుడు పగలు రెండు తిరిగి ఒకటి ఆగాలి కాబట్టి, వంతు అంటే ఎవరు తిరగాలన్నది కాదు, ఎవరు ఆగాలన్నది. 1 - వంతు అని నాలుగుచోట్ల రాసుకున్నవాళ్ళు ఆ నాలుగుచోట్లా వెతుక్కోవాలి. ఒకే ఫంక్షన్‌లో తేల్చినవాళ్ళు ఆ మూడు లైన్లు మార్చుకుంటే సరిపోతుంది.